మనలను గూర్చి మనమే వ్రాయునప్పుడు

ధ్యాన భాగములు: మొదటి సమూయేలు 17:32–40, ఫిలేమోనుకు 8–19



మన గ్రామములలో ఇప్పుడు డిగ్రీ చదివిన బిడ్డ లేని వీధి అరుదు. తండ్రులు కూలి చేసి, తల్లులు పొదుపు సంఘములో అప్పు తీసి వారిని చదివించిరి. చదువు ముగిసిన పిమ్మట ఆ బిడ్డ మొట్టమొదట వ్రాయవలసిన కాగితము ఒకటి కలదు. దానిని కొందరు బయోడేటా అందురు, కొందరు రెజ్యూమే అందురు, కొందరు సీవీ అందురు. తన పేరు, తన చదువు, చేసిన పని, చేయగల పని ఒకటి రెండు పుటలలో వ్రాసి, తన్ను ఎన్నడును చూడని మనుష్యుని చేతికి పంపు కాగితమది. చిన్న కాగితమే. అయినను దానిలో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. మనలను గూర్చి మనమే వ్రాయునప్పుడు ఎంత చెప్పుట సత్యము, ఎంత చెప్పుట అతిశయము? ఎంత దాచుట వినయము, ఎంత దాచుట అబద్ధము?

ఈ ప్రశ్న నాకు పుస్తకములో దొరకలేదు. మా యింటి అరుగుమీదికి అదియే నడచి వచ్చినది.

2024వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక సాయంకాలమున మా సంఘములోని యొక అమ్మాయి రెండు పుటల కాగితము పట్టుకొని వచ్చెను. బి.కాం. చదివిన పిల్ల. జిల్లా కేంద్రములోని యొక ఆసుపత్రిలో బిల్లులు వ్రాయుటకు మనిషి కావలెనని ఎవరో చెప్పగా, మండల కేంద్రమునకు పోయి నెట్ సెంటరులో సీవీ చేయించుకొనెను. ఆ అంగడివాడు పేరు, చదువు, ఫోను సంఖ్య మాత్రము అడిగి, పది నిమిషములలో కాగితము తీసి చేతికిచ్చెనట.

"మాస్టారూ, ఒక్కసారి చదివి పెట్టండి. ఇందులో ఉన్నమ్మాయి ఎవరో నాకే తెలియడం లేదండీ" అనెను.

నేను కళ్లజోడు పెట్టుకొని చదివితిని. నాయకత్వ లక్షణములు గలది, ఒత్తిడిలో సయితము చక్కగా పని చేయునది, ఇంగ్లీషు హిందీ భాషలు ధారాళముగా మాటలాడునది, టాలీ అను లెక్కల సాఫ్టువేరులో నిపుణురాలు అని వ్రాసియుండెను. దాని క్రింద, హైదరాబాదులోని యొక సంస్థలో రెండు సంవత్సరములు లెక్కల విభాగములో పని చేసినట్లు ఉండెను.

"నువ్వు హైదరాబాదు ఎప్పుడు వెళ్లావమ్మా?" అని అడిగితిని.

"వెళ్లలేదండీ. నాన్నకి పక్షవాతం వచ్చింది కదండీ, ఆ రెండేళ్లూ ఇంట్లోనే ఉన్నాను. రెండేళ్లు ఖాళీ కనబడితే ఎవరూ తీసుకోరు, అందరూ ఇలాగే పెడతారని షాపతను అన్నాడు. మూడు వేలిస్తే అనుభవం సర్టిఫికెట్టు కూడా తెప్పిస్తాడటండీ."

"మీ అమ్మ ఏమంటుంది?"

"అప్పు వాయిదా దగ్గరికొచ్చింది, ఏదో ఒకటి పెట్టవే అంటుందండీ." కొంచెము సేపు ఊరకుండి మరల, "సంతకం దగ్గర నా చెయ్యి ఆగిపోయిందండీ" అనెను.

మన దేశములో సీవీ చివర ఒక వాక్యముండుట వాడుక. పై వివరములన్నియు నాకు తెలిసినంతవరకు సత్యములని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను అని దాని భావము. దాని క్రింద స్థలము, తేదీ, సంతకము. పై రెండు పుటలు అంగడివాడు వ్రాయవచ్చును. ఆ సంతకము మాత్రము మనమే చేయవలెను. ఆ పిల్ల చెయ్యి ఆగినది అక్కడనే. ఆగినందుకు నేను దేవుని స్తుతించితిని. అయినను ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఎందుకనగా ఈ విషయములో నా చేతులు శుభ్రమైనవి కావు.

నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, దూరపు పట్టణములోని యొక వర్కుషాపులో పనికై సిఫారసు పత్రము వ్రాసి యిమ్మని బ్రతిమాలెను. ఆ బాలుడు మంచివాడని నేనెరుగుదును. ఆదివారపు బడికి తప్పక వచ్చెడివాడు. అతనికి కరెంటు పని ఎంత తెలియునో మాత్రము నేనెరుగను. అయినను ఆ తల్లి కన్నీరు చూచి, కరెంటు పని బాగుగా తెలిసినవాడు, నేనెరుగుదును అని వ్రాసి సంతకము చేసితిని. మంచి చేసితినని ఆ రాత్రి సంతోషముగా నిద్రించితిని. మూడు వారములు గడువకముందే వారు ఆ పత్రమును నమ్మి అతనిని ఒక యంత్రపు వైర్లు సరిచేయ నియమించిరి. అతనికి షాక్ కొట్టెను. ప్రాణము దక్కినది గాని కుడిచేతి వ్రేళ్లు నేటికిని పూర్తిగా ముడుచుకొనవు. ఆ కుటుంబము నన్ను ఒక్క మాటయు అనలేదు. పండుగకు వచ్చినప్పుడు అతడు ఆ చేతితోనే నాకు నమస్కారము చేయును. ఆ నమస్కారము నన్ను ఎంత శిక్షించునో అతడెరుగడు.

కాబట్టి సహోదరులారా, "కాగితము మీద నాలుగు మాటలు ఎక్కువ వ్రాసినచో ఎవరికి నష్టము?" అని అడుగువారికి ఆ చెయ్యి నా జవాబు.

అయినను ఆ ప్రశ్నను మనము న్యాయముగా విచారింపవలెను. లోకము ఏమనుచున్నది? అందరును ఎక్కువగానే వ్రాయుదురు; ఉద్యోగమిచ్చువారికి ఆ సంగతి తెలియును; వారు చదువునప్పుడే కొంత తగ్గించుకొని చదువుదురు; అట్టి చోట ఉన్నది ఉన్నట్లు వ్రాసినవాడు తన్నుతాను తక్కువ చేసికొన్నవాడగును అని. ఈ వాదము బొత్తిగా తెలివితక్కువది కాదు. సంతలో బేరమువలె ఇదియు ఒక బేరమే అని చాలమంది నిజముగా నమ్ముచున్నారు.

దీనికి మూడు మాటలు చెప్పవలసియున్నది.

మొదటిది. సంతలో ధర ఎక్కువ చెప్పినను వస్తువు కంటికి కనబడుచునే యుండును. కొనువాడు వంకాయను త్రిప్పి చూచుకొనును. ఇక్కడ అట్లు కాదు. చేయని పనిని చేసితినని వ్రాసినప్పుడు, లేని వస్తువునే అమ్ముచున్నాము. ఆ యుద్యోగమునకు నిజముగా రెండు సంవత్సరములు పని చేసిన మరియొక పిల్ల దరఖాస్తు పెట్టియుండవచ్చును. ఆమెకును తల్లి యున్నది, ఆమె యింటను అప్పు వాయిదా యున్నది. ఆమె మన కంటికి కనబడదు గనుక ఆమె మన పొరుగువారు కాదని చెప్పగలమా?

రెండవది. వ్రాసిన అబద్ధము ఒక్క దినముతో ముగియదు. యెహోషువ గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో గిబియోనీయుల కథ చదువుడి. వారు ప్రాణభయము చేత పాత గోనెలు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజుపట్టిన రొట్టెలు తెచ్చి, బహు దూరమునుండి వచ్చితిమని నమ్మించిరి. అవి వారి అనుభవపు సర్టిఫికెట్లు. వారు కోరిన ప్రమాణము దొరికినది. మూడు దినములకు నిజము తెలిసినది. ప్రాణములు దక్కెను గాని కట్టెలు నరకువారుగాను నీళ్లు తోడువారుగాను నిలిచిపోయిరి. అబద్ధముతో లోపలికి పోయినవాడు లోపల ధైర్యముగా తలయెత్తి కూర్చుండలేడు. పాత సంస్థలో నీ పై అధికారి ఎవరని ఎవరైన అడుగుదురేమోయని ప్రతిదినము భయపడును.

ఈ దినములలో నిజము తెలియుటకు మూడు దినములు కూడ అక్కరలేదు. 2014 నుండి ప్రావిడెంట్ ఫండ్ సభ్యునికి యూఏఎన్ అను ఒకే సంఖ్య యిచ్చుచున్నారు; ఎక్కడెక్కడ ఎంతకాలము ఫండు కట్టబడెనో దాని క్రింద కనబడును. చదువు పత్రములను 2015లో ఆరంభమైన డిజిలాకరులో చూచుకొందురు. పెద్ద సంస్థలు వెనుకటి వివరములు విచారించుటకే ప్రత్యేకముగా మనుష్యులను పెట్టుకొనును. కూటపత్రమును నిజమైనదిగా వాడుట నేరము. 1860 నాటి శిక్షాస్మృతిలోను అట్లే యుండెను, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోను అట్లే యున్నది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగమునకు వచ్చువాడు తన్ను గూర్చి యిచ్చు వివరము సత్యమైయుండవలెననియు, అడిగిన సంగతిని దాచరాదనియు చెప్పెను. యౌవనములో జరిగిన స్వల్పమైన తప్పును దాచినను అధికారి దానిని క్షమింపవచ్చునని కూడ అదే తీర్పులో చెప్పెను. అయినను గమనించుడి. ఒప్పుకొన్న చిన్న తప్పునకు క్షమాపణ దొరకవచ్చును. దానినే దాచినచో దాచినది మరియొక తప్పగును.

మూడవది నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. ఆ పిల్ల తన రెండు సంవత్సరములను హైదరాబాదు అబద్ధముతో కప్పినచో, ఆ రెండు సంవత్సరములు ఏమియు కావని తానే తీర్పు తీర్చినదగును. మంచమున పడిన తండ్రిని ప్రక్కకు త్రిప్పి పుండ్లు పడకుండ కాపాడినది, వేళకు మాత్రలు వేసినది, గోడ పట్టుకొని నడువ నేర్పినది ఖాళీ యేనా? ఆ ఖాళీ అను మాటను ఎవరు కనిపెట్టిరో నేనెరుగను. ప్రభువు లెక్కలో అవి ఖాళీ దినములు కావు. రోగిని చూడవచ్చినవారు తన్నే చూడవచ్చితిరని ఆయన మత్తయి 25వ అధ్యాయములో చెప్పియున్నాడు. కూతురే సిగ్గుపడి చెరిపివేసిన సేవను లోకము ఎట్లు గౌరవించును?

ఇంతవరకు ఎక్కువ చెప్పుటను గూర్చి మాటలాడితిమి. తక్కువ చెప్పుటను గూర్చియు మాటలాడవలెను. ఎందుకనగా మన పల్లె బిడ్డలలో అతిశయముకంటె ఈ రోగమే ఎక్కువ.

ఆ కాగితమును ప్రక్కన పెట్టి, "సరే, నిజంగా నీకు ఏం వచ్చో చెప్పమ్మా" అంటిని.

"నాకేం వచ్చండీ" అనెను.

"మీ అమ్మ పొదుపు సంఘం పుస్తకం ఎవరు రాస్తారు?"

"నేనేనండీ. అది పని కాదు కదండీ, అమ్మకి సాయం."

అడుగగా అడుగగా తెలిసినది. పదునొకండు మంది సభ్యులున్న సంఘమునకు నాలుగు సంవత్సరములనుండి నెలనెలా పొదుపు, అప్పు, వడ్డీ, బ్యాంకు వాయిదా ఆ పిల్లయే వ్రాయుచున్నది. ఒక్కసారియు బ్యాంకువారి లెక్కకు ఈ లెక్కకు తేడా రాలేదట. తండ్రిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు, 2007లో ఆరోగ్యశ్రీ అను పేరుతో ఆరంభమైన ప్రభుత్వ ఆరోగ్య పథకపు కాగితములన్నియు తానే తిరిగి తెచ్చుకొన్నది. ఏ కిటికీ వద్ద ఏ కాగితము అడుగుదురో, ఏది లేనిచో రోగి ఎంతసేపు బల్లమీద కూర్చుండవలెనో ఆమెకు తెలిసినట్లు చాలమందికి తెలియదు. ఆసుపత్రి బిల్లుల పనికి ఇంతకంటె దగ్గరి అనుభవమేమి కావలెను? దానిని విడిచిపెట్టి, కంటితో చూడని హైదరాబాదు సంస్థ పేరు వ్రాసికొన్నది.

అప్పుడు నాకు దావీదు కథ జ్ఞాపకమునకు వచ్చెను. సౌలు దావీదును చూచి, నీవు బాలుడవు, వాడు బాల్యమునుండి యుద్ధము చేసినవాడు అనెను. అది నేటి కంపెనీలు అడుగు అనుభవపు ప్రశ్నయే. దావీదు ఏమి జవాబిచ్చెను? తాను సైన్యములో పని చేసితినని చెప్పలేదు. నాకేమియు రాదని తల వంచుకొనలేదు. తండ్రి గొఱ్ఱెలను కాయుచుండగా సింహము వచ్చెను, ఎలుగుబంటి వచ్చెను, గొఱ్ఱెపిల్లను వాటి నోటనుండి విడిపించితిని అని జరిగినది జరిగినట్లు చెప్పెను. ఇంటి పనిని, ఎవరును లెక్కచేయని పనిని, రాజు ఎదుట అనుభవముగా చెప్పెను. తన్ను విడిపించినవాడు యెహోవాయేయని కూడ చెప్పెను. అంతట సౌలు తన కవచమును శిరస్త్రాణమును అతనికి తొడిగించెను. దావీదు వాటితో నడువలేక విప్పివేసి, తనకు వాడుకయైన వడిసెలను, ఏటిలోని అయిదు నున్నని రాళ్లను తీసికొనెను.

నెట్ సెంటరువాడు ప్రతివారికి తొడిగించు ఆ రెండు పుటలు సౌలు కవచమే. అది మెరయును గాని మన కొలతకు చేసినది కాదు. దానిని తొడుగుకొని ఇంటర్వ్యూకు పోయినవాడు నాలుగు అడుగులు వేయలేడు. వడిసెల చిన్నది, అయితే అది అతని చేతిలో తిరిగినది.

మరియొక సంగతి. మనలో అనేకులము తరతరములుగా తల వంచుకొని నిలువవలెనని ఊరు శాసించిన జనుల బిడ్డలము. "మనమేపాటి వాళ్లం" అను మాట మన నోట తేలికగా వచ్చును. దానికి వినయమని పేరు పెట్టరాదు. వినయము తన్ను తక్కువగా చూపుట కాదు. తన్ను ఉన్నంతగా చూచుకొనుట. ఒక తలాంతు పొందినవాడు దానిని భూమిలో దాచిపెట్టి తన యజమానుని మెప్పింపలేకపోయెను. ఇతరులు నిన్ను పొగడనిమ్ము, నీవే పొగడుకొనవద్దు అను అర్థము గల మాట సామెతలు 27వ అధ్యాయములో నున్నది గదా అందురేమో. అవును. పొగడ్త వేరు, సాక్ష్యము వేరు. నేను గొప్ప లెక్కలదానను అనుట పొగడ్త. నాలుగు సంవత్సరములు పదునొకండు మంది లెక్క తప్పు లేకుండ వ్రాసితిని అనుట సాక్ష్యము. మొదటి మాటను ఎవరైనను వ్రాయగలరు. రెండవదానిని చేసినవారే వ్రాయగలరు. పొగడ్తను వినువాడు నమ్మవలెను. సాక్ష్యమును వినువాడు విచారించి చూచుకొనవచ్చును.

ఆ సాయంకాలము దీపము పెట్టు వేళవరకు కూర్చుండి మేము క్రొత్త కాగితము వ్రాసితిమి. మీ బిడ్డలకును అక్కరకు వచ్చునని దాని క్రమమును ఇక్కడ చెప్పుచున్నాను.

పేరు, ఊరు, ఎత్తినప్పుడు పలుకు ఫోను సంఖ్య, ఈమెయిలు పైన వ్రాయవలెను. ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య వ్రాయరాదు. మతము, కులము, తండ్రి వృత్తి సీవీకి అక్కరలేదు. తరువాత, తాను ఏ పనికొరకు వ్రాయుచున్నదో రెండు వాక్యములలో చెప్పవలెను. తరువాత చేసిన పనులు, ఇటీవలిది మొదట, పాతది చివర. ప్రతి పనికి ఎంతకాలము, ఎంతమందికి, ఏమి ఫలితము అను సంఖ్యలు వేయవలెను. తరువాత చదువు, ఉత్తీర్ణత సంవత్సరముతో. చివర భాషలు, నేర్చిన విద్యలు. మొదటి యుద్యోగమునకు ఒక పుట చాలును. పెద్ద సంస్థలలో దరఖాస్తులను మొదట కంప్యూటరే జల్లెడ పట్టుట కలదు గనుక, ప్రకటనలో వారు వాడిన మాటలు మనకు నిజముగా వర్తించినచో ఆ మాటలనే వాడుట మంచిది. వర్తింపనిచో వాడరాదు. వ్రాసినదానిని చదువు వచ్చిన మరియొకరిచేత చదివించి అక్షరదోషములు దిద్దుకొనవలెను.

టాలీ యొద్దకు వచ్చునప్పటికి, "నలభై రోజులు నేర్చుకున్నానండీ, నాన్నకి బాగోక మధ్యలో మానేశాను" అనెను. ప్రాథమిక పరిచయము కలదు అని వ్రాసితిమి. ఇంగ్లీషు చదువుట, వ్రాయుట వచ్చును, మాటలాడుట కొద్దిగా వచ్చును అని వ్రాసితిమి. హిందీ కొట్టివేసితిమి. ఆ రెండు సంవత్సరముల చోట, 2022 జూన్ నుండి 2024 జూలై వరకు పక్షవాతముతో నున్న తండ్రికి ఇంటి యొద్ద సేవ, ఆసుపత్రి కాగితములు లెక్కలు చూచుట, ఇప్పుడు పూర్తికాలపు పనికి సిద్ధము అని ఒకే వాక్యము వ్రాసితిమి. ఆ వాక్యము వ్రాయునప్పుడు ఆ పిల్ల కొంతసేపు మాటలాడలేదు.

సిఫారసు చేయువారి పేర్లు వ్రాయునప్పుడు వారి సెలవు ముందు పొందవలెను. ఆమె నా పేరు వ్రాయవచ్చునా అని అడిగెను. ఈ సారి నేను ఫిలేమోను పత్రికను తీసి చదివి, తరువాత సరేనంటిని. పౌలు ఒనేసిము కొరకు వ్రాసిన ఆ చిన్న పత్రికవంటి సిఫారసు పత్రము నేను మరియొకటి ఎరుగను. మునుపు అతడు నిష్ప్రయోజకుడైయుండెనని పౌలు దాచలేదు. ఇప్పుడు ప్రయోజకుడని తానెరిగినంత చెప్పెను. అతడు ఏమైన అచ్చియున్నయెడల తన లెక్కలో వేయుమని తన చేతితో వ్రాసెను. సిఫారసు చేయువాడు తాను ఎరిగినదే వ్రాయవలెను, వ్రాసినదానికి తానే పూచీపడవలెను. ఆ వర్కుషాపు పత్రము వ్రాసిన రాత్రి నేను ఈ పత్రికను చదివియుంటే ఎంత బాగుండును!

సీవీ అను పొట్టి మాట లాటిన్ భాషలోని కరిక్యులమ్ విటే నుండి వచ్చినది. జీవితపు పరుగు అని దాని భావము. సుమారు 1482లో ఇటలీ దేశపు లియొనార్డో డా విన్సీ మిలాను పాలకుడైన లుడొవీకో స్ఫోర్జాకు ఉద్యోగము కోరి వ్రాసిన ఉత్తరమును అట్టి పత్రములలో పేరుపొందినదిగా చెప్పుదురు. చిత్రకారుడని లోకమెరిగిన ఆ మనుష్యుడు వంతెనలు, ఫిరంగులు, యుద్ధ రథములు కట్టగలనని వరుసగా వ్రాసి, బొమ్మలు వేయుదునన్న మాటను చివరకు పెట్టెను. యుద్ధ భయములో నున్న ప్రభువునకు ఏది కావలెనో అది ముందు చెప్పెను. అది తప్పు కాదు. చదువువాని అక్కరను తలంచి మన సంగతులను వరుస పెట్టుట ప్రేమలో నొక భాగమే. అయితే ఆయన చివర, ఎవరికైన సందేహమున్నచో పరీక్షించి చూచుకొనవచ్చునని కూడ వ్రాసెను. ఈ మాట వ్రాయగలిగినంతవరకే మనమును వ్రాయవలెను. పరీక్షకు నిలువని వాక్యమేదియు మన కాగితములో నుండరాదు.

మన సంఘములలో మెల్లగా మాత్రమే చెప్పుకొను సంగతి యొకటి యున్నది. దానిని దాటిపోయినచో ఈ వ్యాసము సగమే సత్యమగును. సీవీకి కులము మతము అక్కరలేకపోయినను ప్రభుత్వ దరఖాస్తులో ఆ గడులుండును. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు మొదట హిందువులకే వర్తించెను, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని మన తెలుగు రాష్ట్రములలో బీసీ–సీ గుంపులో నుంచిరి. 2022లో కేంద్ర ప్రభుత్వము ఈ సంగతి విచారించుటకు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన సంఘమును నియమించెను. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసమును ఆచరించుచు కేవలము రిజర్వేషను కొరకు హిందువునని చెప్పుట రాజ్యాంగమునకే మోసమని తీర్పు చెప్పెను. బాప్తిస్మము వలన పేదరికము పోలేదు, ఊరి చూపును మారలేదు; ఆ గడి యెదుట కలము పట్టుకొని ఏడ్చిన తల్లిదండ్రులను నేనెరుగుదును. వారిమీద రాయి వేయుటకు నా చెయ్యి లేవదు. చట్టము న్యాయమైనది కాదని తలంచువారు దానిని బహిరంగముగా అడుగవలెను, అడుగుట మన హక్కు. అయితే బిడ్డను కూర్చుండబెట్టి, నీవు ఏమి వ్రాసి సంతకము చేయుచున్నావో ఎరిగి చేయుము అని చెప్పుట మన ధర్మము. ఎరుగకుండ చేసిన సంతకపు బరువును ఆ బిడ్డ ఒంటరిగా మోయరాదు.

ఇంకొక హెచ్చరిక. ఉద్యోగమిప్పింతుమని ముందుగా డబ్బు అడుగువారికి ఒక రూపాయియు ఇయ్యకుడి. చదువు పత్రముల అసలు ప్రతులను ఎవరి యొద్దను విడిచి రాకుడి; నకళ్లు ఇచ్చి, అసలువి చూపి, తిరిగి తెచ్చుకొనుడి.

ఆ పిల్ల సంగతి ఏమాయెనని మీరు అడుగుదురు. నిజము చెప్పిన వెంటనే గొప్ప యుద్యోగము దొరికెనని చెప్పుటకు నాకును ఆశయే. అయితే సీవీలో ఎక్కువ వ్రాయరాదని బోధించి వ్యాసములో నేనే ఎక్కువ వ్రాయరాదు గదా. ఆ ఆసుపత్రివారు ఆమెను పిలువలేదు. తరువాత రెండు చోట్ల కూడ పిలువలేదు. ఆమె తల్లి కొన్ని వారములు నాతో సరిగా మాటలాడలేదు. "మీ నీతి మా వాయిదా కడుతుందా మాస్టారూ?" అని ఒకసారి కుళాయి దగ్గర అడిగెను. నా యొద్ద జవాబు లేదు. ఆ నెల వాయిదాలో కొంత సంఘములోని కొందరము కలిసి కట్టితిమి. సత్యము చెప్పుమని ఒకరికి బోధించినవారు దాని ఖర్చులో పాలు పంచుకొనవలెనని ఆ దినమున నేర్చుకొంటిని. పౌలు కూడ ఉత్తరము వ్రాసి ఊరకుండక, తన లెక్కలో వేయుమనెను గదా.

నాలుగవ నెలలో పట్టణములోని యొక బట్టల అంగడివారు పిలిచిరి. యజమానుడు కాగితము చదివి, ఆ రెండు సంవత్సరముల వాక్యము మీద వ్రేలు పెట్టి, "నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారమ్మా?" అని అడిగెనట. "కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారండీ" అని చెప్పెనట. ఆ తరువాత లెక్క యొకటి ఇచ్చి చేయుమనిరి, చేసెను. ఇప్పుడు అక్కడనే బిల్లులు వ్రాయుచున్నది. జీతము తాను ఆశించినంత లేదు. సాయంకాలము టాలీ మరల నేర్చుకొనుచున్నది. ముగిసిన తరువాత కాగితములో ఆ వాక్యము మార్చుదమనుచున్నది.

ఆ యజమానుడు మంచివాడు గనుక అట్లు జరిగినది, అందరును అట్టివారు కారు అని మీరనవచ్చును. నిజమే. నేను వాగ్దానము చేయగలిగినది ఒక్కటే. ఆ బల్ల యెదుట ఆమె చెప్పిన జవాబును ఆమె కంఠస్థము చేయనక్కరలేకపోయెను.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ సీవీ వ్రాయునప్పుడు ప్రక్కన కూర్చుండి, వారు మరచిన మంచి పనులను జ్ఞాపకము చేయుడి. చేయని పనులను చేర్చవలెనని తొందరపెట్టకుడి. సంఘ పెద్దలారా, సిఫారసు వ్రాయునప్పుడు నా స్నేహితుని కుడిచేతిని జ్ఞాపకము చేసికొనుడి. యౌవనులారా, చివరి సంతకము చేయకముందు పై పుటను ఒకసారి మెల్లగా చదివి, ఇందులోనున్నది నేనేనా అని అడుగుడి. అవునని మనస్సాక్షి చెప్పినచో ధైర్యముగా సంతకము చేయుడి. ఫలితమును దేవునికి అప్పగించి, మరుసటి దరఖాస్తు వ్రాయుడి.